గొంతు ఎవరు తగ్గించాలి?

ఒకప్పుడు మన సినిమాల్లో మూడు ముళ్ళూ పడగానే తెరమీద 'శుభం' అని పడేది. హాల్లో కుర్చీలు టపటపా చప్పుడయ్యేవి, జనం చీకట్లో చెప్పులు వెతుక్కునేవారు. ఇప్పుడా అక్షరాలు పడటం మానేశాయి గాని, కథ ఆగే చోటు మాత్రం పెద్దగా మారలేదు. ప్రేమ పుట్టినప్పుడు ఒక పాట, ప్రేమ విరిగినప్పుడు ఒక పాట. ఆ రెండింటికీ మధ్య పాల లెక్కలూ, పిల్లల పరీక్షలూ, మోకాళ్ళ నొప్పులూ నిండిన పాతికేళ్ళు వుంటాయి చూడండి, వాటికి పాట లేదు.

సీరియల్ నవలలు రాసేవాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు. పెళ్ళి కుదురుతుందా లేదా అన్న అనుమానం మీద ఇరవై వారాలు నడపొచ్చు. కాపురం చెడుతుందేమోనన్న భయం మీద మరో ఇరవై వారాలు నడపొచ్చు. చెడిపోకుండా, అలాగని పొంగిపొర్లకుండా, రోజూ మామూలుగా సాగుతున్న కాపురం మీద ఒక్క వారం నడపమనండి! చదివేవాళ్ళ మాట అటుంచండి, రాసేవాళ్ళకే ఆవులింతలొస్తాయి.

అలాంటి మధ్యకాలం మీద దాదాపు 77 నిమిషాల పాటలు కట్టినవాళ్ళు అమెరికాలో వున్నారు. ఆ బృందం పేరు యో లా టెంగో. ఊరు న్యూజెర్సీ రాష్ట్రంలోని హోబోకెన్. న్యూయార్క్ మహానగరానికి హడ్సన్ నది అవతలి గట్టున వున్న చిన్న పట్నం. ఆ పక్కనే వున్న జెర్సీ సిటీ, కాస్త దూరంలోని ఎడిసన్ పేర్లు మన ఇళ్ళలో చాలామందికి నోటికొచ్చు. పిల్లలు అక్కడే కదా వుంటున్నారు! 1984లో ఐరా కప్లాన్, జార్జియా హబ్లీ అనే ఇద్దరు ఈ బృందాన్ని ప్రారంభించారు. ఆయన అంతకుముందు పత్రికల్లో సంగీతం గురించి రాసేవాడు. బృందంలో గిటారు ఆయనది, డ్రమ్ములు ఆవిడవి. ఇద్దరూ పాడతారు. ఇద్దరూ భార్యాభర్తలు. తరువాత జేమ్స్ మెక్‌న్యూ అనే మూడో మనిషి వచ్చి చేరాడు. అప్పటినించి ఆ ముగ్గురే.

వీళ్ళ సంగీతాన్ని 'ఇండీ రాక్' అంటారు. ఇండీ అంటే ఇండియాకి సంబంధించినది కాదు లెండి. ఇండిపెండెంటుకి ముద్దుపేరు. కోట్ల రూపాయల పెద్ద కంపెనీల పంచన చేరకుండా, చిన్న కంపెనీలతో తమకి తోచినట్టు పాడుకునేవాళ్ళన్న మాట. 2000 సంవత్సరం ఫిబ్రవరిలో వీళ్ళొక ఆల్బం విడుదల చేశారు. దాని పేరు చాలా పొడుగు. 'అండ్ దెన్ నథింగ్ టర్న్‌డ్ ఇట్‌సెల్ఫ్ ఇన్‌సైడ్ అవుట్'. ఆ తరువాత శూన్యం తన్ను తాను తిరగేసుకుంది, అని అర్థం చెప్పుకోవచ్చు. సన్ రా అనే జాజ్ విద్వాంసుడి మాటల్లోంచి తీసుకున్నారట.

తిరగేసుకోవడం అంటే మనకి కొత్తేం కాదు. రంగు వెలిసిపోకుండా జాకెట్లు తిరగేసే కదా ఆరేస్తాం. తిరగేసినప్పుడు పైనున్న పువ్వులూ అంచులూ కనపడవు. కుట్లు కనపడతాయి. ఎక్కడ పిగిలితే మళ్ళీ కుట్టామో, ఒళ్ళు వచ్చాక ఎక్కడ వదులు చేశామో, అన్నీ కనపడతాయి. ఈ ఆల్బంలో కాపురం అలా తిరగేసి ఆరేసినట్టుంటుంది.

ఇక్కడే నాకు మన సామెత ఒకటి అడ్డం పడింది. 'సంసారం గుట్టు, రోగం రట్టు' అన్నారు పెద్దలు. సంసారం సంగతులు గుట్టుగా వుంచుకోవాలి, రోగం వస్తే మాత్రం దాచకుండా నలుగురికీ చెప్పాలి, అప్పుడే మందు దొరుకుతుంది, అని. మరి భార్యాభర్తలిద్దరూ తమ ఇంటి మాటల్లాంటి మాటలు పాటలుగా కట్టి దేశం మీద వదిలితే గుట్టు మాటేమిటి? అది తప్పు కాదా?

తప్పో ఒప్పో తేల్చే ముందు ఆ పాటల్లో ఏముందో చూద్దాం.

'అవర్ వే టు ఫాల్' అనే పాటలో ఒకాయన తాము మొదట కలుసుకున్న రోజు గుర్తు చేసుకుంటాడు. మెరుపులూ ఉరుములూ ఏం లేవు. చిన్న చిన్న విషయాలు. కొత్తగా ప్రేమలో పడ్డవాడు పాడే పాట కాదది. చాలాకాలం కిందట పడ్డవాడు, ఆ పడటాన్ని ఇప్పుడు తీరిగ్గా వెనక్కి తిరిగి చూసుకుంటూ పాడే పాట. పెళ్ళయిన ఇన్నేళ్ళ తరవాత మీ ఆయన్ని 'పెళ్ళిచూపుల నాడు నేను ఏ రంగు చీర కట్టుకున్నాను?' అని అడిగి చూడండి. జవాబు తప్పయినా ఫరవాలేదు. ఆలోచించడానికి పేపరు పక్కన పెడతారా లేదా అన్నదే పరీక్ష!

'ది క్రైయింగ్ ఆఫ్ లాట్ జీ' అనేది పోట్లాట పాట. కాదు, పోట్లాటైన తరవాత పాట. సగం మాటలా, సగం పాటలా వుంటుంది. మనిద్దరికీ ఎందుకిలా అవుతోంది, ఇది ఇవాళ్టి విసుగేనా, మన బతుకే ఇంతా, అని తన్ను తాను అడుక్కుంటున్న మనిషి గొంతు అది. ఎవరు గెలిచారో చెప్పడు. అసలు దేనికి పోట్లాడుకున్నారో కూడా చెప్పడు. వినేవాళ్ళకి దానితో పనీ లేదు. ప్రతి ఇంట్లోనూ ఆ ఖాళీని పూరించుకోవడానికి కావలసినన్ని కారణాలు వుంటాయి.

'టియర్స్ ఆర్ ఇన్ యువర్ ఐస్' జార్జియా పాడింది. దిగులులో మునిగిపోయిన మనిషిని మరో మనిషి ఓదార్చే పాట. ఆ ఓదార్పులో గద్దింపు లేదు, ఉపన్యాసం లేదు. 'అందరికీ వుండేవే, నీకేం తక్కువ?' అనే మాట లేదు. దిగులుగా వున్న ఆడవాళ్ళకి మన ఇళ్ళలో తరచు దొరికే మందు ఆ మాటే కదా. అది మందు కాదని తిన్నవాళ్ళకి తెలుసు.

ఇప్పుడు గుట్టు సంగతికి వద్దాం. కాపురాన్ని పాటల్లోకి ఎక్కించడంలో రకాలున్నాయి. ఫ్లీట్‌వుడ్ మాక్ అనే పెద్ద బృందం 1977లో 'రూమర్స్' అనే ఆల్బం చేసింది. రూమర్స్ అంటే పుకార్లు, పేరు బాగానే పెట్టారు. అందులో ఒక పెళ్ళి విడిపోతోంది, ఒక ప్రేమ జంట విడిపోతోంది, అయినా అందరూ ఒకే గదిలో కూర్చుని పాటలు చేశారు. క్రిస్టీన్ మెక్‌వీ తన కొత్త స్నేహితుణ్ణి గురించి పాట రాస్తే, దానికి బేస్ గిటారు వాయించింది ఆవిడ నించి విడిపోతున్న భర్త జాన్. లిండ్సే బకింగ్‌హాం తనని వదిలిన స్టీవీ నిక్స్ మీద పాట రాశాడు. అందులో తనని గురించిన ఒక మాట అన్యాయమని స్టీవీ అభ్యంతరం చెప్పింది. ఆ మాట అలాగే వుంది. ఆ పాటకి ఆవిడే గొంతు కలిపి పాడవలసి వచ్చింది. ఆ ఆల్బం కోట్ల సంఖ్యలో అమ్ముడుపోయింది. సంగీతం గొప్పది, కాదనను. కాని తన మీద వేసిన నిందకి తనే వంత పాడవలసి రావడం అనే పరిస్థితి ఆలోచించండి. పెద్ద వేదికలూ మైకులూ లేకుండానే చుట్టాల మధ్య, పేరంటాల్లో, భర్త వేసిన జోకుకి తనూ నవ్వే భార్య చేసేది అదే కదా.

రట్టు అంటే అది. సంగతి బయటికి రావడం ఒక్కటే రట్టు కాదు. ఇద్దరి సంగతిని ఒకరి మాటగా బయటపెట్టడం, రెండోవాళ్ళకి కాదనే వీలు లేకపోవడం, అదీ రట్టు.

యో లా టెంగో పాటల్లో ఇది కనపడదు. నిందితులు లేరు, తీర్పు లేదు. ఇది అచ్చంగా వాళ్ళింటి సంగతేనా అని అడగడం కూడా మర్యాద కాదు. నవలలు రాసే ఆడవాళ్ళని ఈ ప్రశ్న ఎప్పుడూ వెంటాడుతూనే వుంటుంది. 'మీ నవల్లో ఆ తాగుబోతు భర్త... మీవారేనా అండీ?' అని. పాపం, కాఫీ తప్ప మరొకటి ముట్టనివాళ్ళు కూడా ఆ చూపులు భరించాలి! రచనలో వుండేది ఇంటి సంగతి కాదు, ఇంటి గాలి. ఆ గాలి నిజమైతే చాలు.

జార్జియా హబ్లీకి ఈ గాలి పుట్టుకతోనే వచ్చింది. ఆవిడ తల్లిదండ్రులు జాన్ హబ్లీ, ఫెయిత్ హబ్లీ. బొమ్మల సినిమాలు తీసేవారు. 1955లో పెళ్ళి చేసుకున్నప్పుడు ఏడాదికో సినిమా తమ ఇష్టప్రకారం తీసుకోవాలని వాళ్ళిద్దరూ ప్రమాణం చేసుకున్నారు. మన సప్తపదిలో ఎనిమిదో అడుగు అనుకోండి! పిల్లలు ఆడుకుంటూ మాట్లాడుకునే మాటలు రికార్డు చేసి, ఆ మాటల చుట్టూ బొమ్మలు గీసేవారు. అలా మగపిల్లల మాటలతో తీసిన 'మూన్‌బర్డ్' 1959 సంవత్సరానికి ఆస్కార్ గెలిచింది. 1968లో వచ్చిన 'విండీ డే'లో వినపడే గొంతులు ఆడపిల్లలిద్దరివీ. ఒకటి ఎమిలీ, రెండోది జార్జియా. ప్రేమలూ పెళ్ళిళ్ళూ పెద్దవాళ్ళవడం గురించి ఆ చిన్నపిల్లలు చెప్పుకునే కబుర్లే ఆ సినిమా.

మురిపెంగానే వుంటుంది గాని, ఇక్కడ ఇంకో ప్రశ్న లేస్తుంది. పిల్లల మాటలు పిల్లలవి. తల్లిదండ్రులు వాటిని లోకానికి వినిపించవచ్చా? ఈ రోజుల్లో సెల్‌ఫోను చేతిలో వున్న ప్రతి తల్లీ వేసుకోవలసిన ప్రశ్న ఇది. నాకు తోచిన కొలత ఒకటే. ఆ పిల్ల పెద్దదై విన్నప్పుడు 'నన్ను ముద్దుగా చూశారు' అనుకుంటుందా, 'నన్ను చూసి నవ్వించారు' అనుకుంటుందా? హబ్లీ దంపతులు పిల్లల మాటని హేళన చెయ్యలేదు. ఆ మాట ఎటు పోతే బొమ్మ అటు పోయింది. పెద్దవాళ్ళ బొమ్మ పిల్లల గొంతు వెనక నడిచింది.

ఎవరి వెనక ఎవరు నడవాలన్నదే ఈ ఆల్బంలో కూడా అసలు సంగతి అనిపిస్తుంది నాకు. ఐరా కప్లాన్ గిటారు అంటే రణగొణధ్వనికి పేరు. గిటారు చేత కీచుమనిపించి, గర్జింపజేసి, గోడలు అదరగొట్టగలడు. 1997లో వాళ్ళు చేసిన ఆల్బంలో ఆ హోరు బాగా వినపడుతుంది. అలాంటివాడు ఈ ఆల్బంలో గొంతూ తగ్గించాడు, గిటారూ తగ్గించాడు. ఆవిడ డ్రమ్ములు కూడా చాలాచోట్ల మెత్తగా పలుకుతాయి. తంబురా శ్రుతిలాగా ఆర్గన్ నాదం ఒకటి కింద పరచుకుని వుంటుంది. పక్కగదిలో ఎవరో నిద్రపోతున్నట్టు, వాళ్ళు లేవకుండా పాడుతున్నట్టు వుంటుంది. రాక్ సంగీతంలో ఇది ప్రయోగమే. ఆ లోకంలో ధైర్యమంటే గట్టిగా అరవడమే కదా మరి.

మన లోకంలో మాత్రం నెమ్మదితనం ఆడవాళ్ళకి ఎప్పుడో అంటగట్టిన గుణం. 'ఆడపిల్ల గొంతు గడప దాటకూడదు' అన్నారు. గొంతు పెంచితే గయ్యాళి, తగ్గిస్తే గుణవంతురాలు. అంచేత నెమ్మది సంగీతాన్ని పొగుడుతుంటే నాకే కొంచెం బెరుకు వేసింది. ఇది మళ్ళీ మనకే పాఠం చెప్పినట్టు కాదుగదా అని.

కాదు. తేడా ఎక్కడుందంటే, ఇక్కడ గొంతు తగ్గించింది గట్టిగా అరవగలిగినవాడు. హోరు చేతిలో వున్న మనిషి హోరు దించాడు. అందువల్ల అవతలి గొంతు పెంచనవసరం లేకుండానే వినపడుతోంది. మన ఇళ్ళలో చాలాచోట్ల జరిగేది దీనికి తలకిందులు. ఒకరు గట్టిగా మాట్లాడతారు, రెండోవారు మాట్లాడటం మానేస్తారు. బయటినించి చూసేవాళ్ళు 'ఎంత ప్రశాంతమైన కాపురం!' అంటారు. నెమ్మదిగా మాట్లాడటం వేరు, మాట్లాడకపోవడం వేరు. రెంటికీ చప్పుడు తక్కువే. గోడ అవతలనించి వింటే ఒక్కలాగే వుంటాయి. గోడ ఇవతల బతికేవాళ్ళకి తెలుస్తుంది ఏది ఏదో.

అప్పుడు ఆ సామెత కూడా కొంచెం వేరుగా వినపడింది నాకు. సంసారం గుట్టు సరే, రోగం రట్టు సరే. సంసారంలోనే రోగముంటే? అప్పుడు దేన్ని దాచాలి, దేన్ని చెప్పాలి? దెబ్బలు తింటూ 'తలుపు తగిలింది' అని చెప్పిన ఆడవాళ్ళు గుట్టు కాపాడామనే అనుకున్నారు. వాళ్ళు దాచింది సంసారాన్ని కాదు, రోగాన్ని. సామెత ప్రకారమే చూసినా అది రట్టు చెయ్యవలసినదే. పెద్దలు రెండు ముక్కలు చెబితే మనం మొదటి ముక్క ఒక్కటే ఆడపిల్లలకి నేర్పాం. చిత్రమేమిటంటే, రెండో ముక్క పక్కనే వుంది, అదే ఊపిరిలో వుంది, అయినా ఎవరూ చదవలేదు.

గుట్టుకి అర్థం వుండాలంటే లోపల మాట వుండాలి. ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోగలిగిన తరవాత, ఇది మనిద్దరి మధ్యే వుంచుకుందాం అనుకుంటే అది గుట్టు. లోపలే చెప్పుకోలేనిదాన్ని బయట చెప్పకపోతే అది గుట్టు కాదు, బిగబట్టిన ఊపిరి.

యో లా టెంగో అనే పేరు వెనక ఒక కథ వుంది. స్పానిష్ మాట అది. 'నాకు దొరికింది', 'నేను పడుతున్నాను' అని అర్థం. 1962లో న్యూయార్క్ మెట్స్ అనే బేస్‌బాల్ జట్టు ఆ ఏడు ఏకంగా 120 ఆటలు ఓడిపోయింది. ఆ జట్టులో రిచీ ఆష్‌బర్న్ అనే పేరున్న సీనియర్ ఆటగాడూ, వెనిజులా నించి వచ్చిన ఎలియో చకోన్ అనే కుర్రాడూ క్యాచ్ కోసం పరుగెత్తి తరచు ఒకరినొకరు గుద్దుకునేవారు. మన క్రికెట్లో చూస్తుంటాం కదా, ఇద్దరూ 'నాది' అంటూ పరుగెత్తి బంతిని నేలపాలు చెయ్యడం, అలాగ. చకోన్‌కి ఇంగ్లీషు రాదు. అప్పుడు ఆష్‌బర్న్ స్పానిష్‌లో 'యో లా టెంగో' అనడం నేర్చుకున్నాడు. ఆ తరవాత ఒక ఆటలో బంతి పైకి లేచింది. ఆష్‌బర్న్ ఆ మాట అరిచాడు, చకోన్ బుద్ధిగా ఆగాడు. అంతా సవ్యంగానే వుందనుకునేలోగా, స్పానిష్ ముక్క రాని ఫ్రాంక్ థామస్ అనే మూడోవాడు వచ్చి ఆష్‌బర్న్‌ని గుద్దాడు!

చదివి నవ్వుకున్నాను. భార్యాభర్తలు ఎలాగో ఒక భాష కుదుర్చుకునే వేళకి అత్తగారో ఆడపడుచో వచ్చి గుద్దుకోవడం మనకి తెలియనిదా! కాని నవ్వు తగ్గాక ఒక సంగతి మనసులో మిగిలిపోయింది. ఇద్దరిలో భాష నేర్చుకున్నది ఎవరు? పేరూ పలుకుబడీ వున్న పెద్ద ఆటగాడు. కొత్తగా వచ్చినవాడిని 'మా దేశం వచ్చావు, మా భాష నేర్చుకో' అనలేదు. తనే ఒక మెట్టు దిగాడు. మన ఇళ్ళలో కొత్తగా వచ్చేది కోడలు. ఆ ఇంటి వంటా, ఆ ఇంటి కోపాలూ, ఆ ఇంటి మౌనాలూ అన్నీ ఆవిడే నేర్చుకోవాలి. ఆవిడ భాషలో ఒక్క మాటైనా ఆ ఇంట్లోవాళ్ళు నేర్చుకున్నారా అని ఎవరూ లెక్క చూడరు.

'వాళ్ళు కళాకారులు, వాళ్ళకి వేదికలున్నాయి, కూడబలుక్కుని పాడతారు. మాకెక్కడ కుదురుతుంది?' అని మీరు అనొచ్చు. నిజమే. ఇంకో మాట కూడా అనొచ్చు. ఎంతసేపూ నెమ్మదేనా, మనిషికి కోపం రాదా, అని. వస్తుంది. ఆ ఆల్బంలోనే 'చెర్రీ చాప్‌స్టిక్' అనే పాట వుంది. దానిలో గిటారు పాత పద్ధతిలో గర్జిస్తుంది. అన్ని పాటల మధ్యా అదొక్కటీ ఉలిక్కిపడేలా చేస్తుంది. అది లేకపోతే మిగతా నెమ్మదిని నేను ఇంతగా నమ్మేదాన్ని కాదేమో. ఎన్నడూ గొంతు లేవని ఇంట్లో ఎవరో ఒకరు భయపడుతూ వుండి వుంటారు. అరవగలిగి, అరిచినా కొంప మునగదని తెలిసి, ఆ తరవాత నెమ్మదిగా మాట్లాడుకునే ఇల్లు వేరు.

చివరి పాట 'నైట్ ఫాల్స్ ఆన్ హోబోకెన్' 17 నిమిషాలకు పైగా వుంటుంది. మొదట్లో కాసేపు మాటలుంటాయి. తరవాత మాటలుండవు. ముగ్గురూ తొందర లేకుండా వాయిస్తూ పోతారు, ఊరిమీద చీకటి పడుతున్నట్టు. ఆ బృందం ఇప్పటికీ వుంది. 2023లో కూడా కొత్త ఆల్బం తెచ్చారు. 1984 నించి లెక్క వేసుకోండి, నలభై ఏళ్ళ పైమాటే.

ఇంగ్లీషు పాటలు అందరికీ రుచించకపోవచ్చు. విని తీరాలని నేననను. ఈ రాత్రి టీవీ కట్టేశాక, ఇంట్లో చప్పుడు తగ్గాక ఒక్కసారి చెవి ఒగ్గి చూడండి. మీ ఇంటి నెమ్మది ఎలాంటిది? ఇద్దరూ మాట్లాడుకోగా మిగిలిన నెమ్మదా? ఒకరు మానేయగా వచ్చిన నెమ్మదా? రెండోదైతే దాన్ని గుట్టు అనకండి. అది రోగం. దానికి మందు అడగడం తప్పు కాదని సామెతే చెబుతోంది.